సుల్తాన్‌పూర్ ఇళ్ల చుట్టూ నేల సాలీళ్లు: గుర్తింపు, అదుపు

గాలిలో వల కట్టుకుని కూర్చోకుండా నేల మీద, గోడ మొదట్లో, రాళ్ల కింద తిరుగుతూ వేటాడి బతికే సాలెపురుగులను నేల సాలీళ్లు అంటారు. శాస్త్ర పరిభాషలో ఈ పేరు నాఫోసిడే కుటుంబానిది. ప్రపంచం మొత్తం మీద ఈ ఒక్క కుటుంబంలోనే 2,400కు పైగా జాతులు నమోదయ్యాయి. ఇంటివాళ్లకు ఈ విభజనతో పనిలేదు. రాత్రి లైటు వేయగానే బండల మీద పరుగెత్తేది ఏదైనా వారికి నేల సాలీడే. కాబట్టి ఈ వ్యాసంలో నాఫోసిడే కుటుంబంతో పాటు తోడేలు సాలీళ్లు, పెద్ద వేట సాలీడు, బొరియల్లో ఉండే బొచ్చు సాలీళ్లు, వీటితో పొరపడే మరికొన్ని ప్రాణులూ వస్తాయి. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ పరిసరాల్లోని ఇళ్లు, కార్మికుల గదులు, కర్మాగారాల ఆవరణలను దృష్టిలో పెట్టుకుని రాసిన వ్యాసం ఇది. దక్కన్ పీఠభూమి మీద కొత్తగా ఇళ్లు లేస్తున్న ఏ ఊరికైనా దాదాపుగా ఇదే వర్తిస్తుంది.

ఊరు, నేల

సుల్తాన్‌పూర్ అమీన్‌పూర్ మండలంలో, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకుని ఉంది. 2016 అక్టోబరులో మెదక్ నుంచి విడిపోయి సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. మరుసటి ఏడాది ఈ ఊళ్లో సుమారు 250 ఎకరాల్లో వైద్య పరికరాల పార్కుకు శంకుస్థాపన జరిగింది. అంతకు ముందే పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలు పెరిగి ఉన్నాయి. వాటి చుట్టూ కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడ, బీరంగూడ వైపు ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు, అద్దెకిచ్చే రేకుల గదులు లేచాయి.

సాలీడు కంటితో చూస్తే ఈ మార్పు చాలా పెద్దది. ఇక్కడి నేల రెండు రకాలు: ఎర్ర చెల్క, నల్ల రేగడి. 1972 నుంచి పటాన్‌చెరులో పనిచేస్తున్న ఇక్రిశాట్ తన పరిశోధన క్షేత్రంగా ఈ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి ఈ రెండు నేలలూ ఒకే చోట దొరకడం ఒక కారణం. ఎండాకాలంలో రేగడి నెర్రెలిచ్చి పగుళ్లు పడుతుంది. చెల్కల్లో గ్రానైట్ గుండ్లు, వాటి కింద సందులు ఉంటాయి. నేల సాలీళ్లకు తరతరాలుగా ఇవే ఇళ్లు. గుండ్లను పేల్చి, నేల చదును చేసి, పునాదులు తీసినప్పుడు ఆ సందులు పోతాయి. వాటికి బదులుగా ఇటుకల కుప్ప, కంకర గుట్ట, సెంట్రింగ్ చెక్కలు, పగిలిన టైల్స్, ఖాళీ సిమెంటు సంచులు వచ్చి పడతాయి. రాతి కింద ఉండే చల్లదనం, చీకటి, ఇరుకు సాలీడుకు ఇక్కడ కూడా దొరుకుతాయి. పక్క ప్లాటులో వయ్యారిభామ మొలిస్తే పురుగులు చేరతాయి. రాత్రంతా వెలిగే తెల్లటి లైట్లకు మరిన్ని పురుగులు వస్తాయి. కొత్త కాలనీల్లో సాలీళ్లు ఎక్కువయ్యాయని అందరూ అనుకోవడానికి కారణం ఇదే. అవి ఎక్కడి నుంచో వలస రాలేదు. మనం వచ్చి ఉన్నది వాటి మధ్యకే.

గుర్తింపు

సాలీడు పురుగుల జాతికి చెందదు. పురుగుకు ఆరు కాళ్లు, సాలీడుకు ఎనిమిది. తలా రొమ్మూ కలిసిపోయి ఒక భాగం, పొట్ట రెండో భాగం. మీసాలు, రెక్కలు ఉండవు. పొట్ట చివర దారం తీసే చిన్న గొట్టాలు ఉంటాయి. నేల సాలీళ్లను గుర్తించడంలో ఈ గొట్టాలు, కళ్ల అమరిక రెండూ కీలకం. ఒంటి రంగును నమ్ముకుంటే మోసపోతాం. గోధుమ, నలుపు, బూడిద రంగులు అన్ని కుటుంబాల్లోనూ కనిపిస్తాయి.

నాఫోసిడే సాలీడు ఒంటి పొడవు సాధారణంగా అర సెంటీమీటరు నుంచి ఒకటిన్నర సెంటీమీటరు వరకు ఉంటుంది. పొట్ట కోలగా, కాస్త చప్పగా, మెత్తటి నూగుతో మెరుస్తుంటుంది. పైనుంచి చూస్తే పొట్ట చివర రెండు గొట్టాలు ఒకదానికొకటి దూరంగా బయటికి పొడుచుకుని కనిపిస్తాయి. ఇది చాలా నమ్మదగిన గుర్తు, భూతద్దం లేకుండానే తెలుస్తుంది. ఎనిమిది కళ్లు రెండు వరుసల్లో ఉంటాయి. వెనుక వరుసలో మధ్యనున్న జత గుండ్రంగా ఉండకుండా కోలగా, ఏటవాలుగా, వెండి రంగులో ఉంటుంది. కాళ్లు బలంగా ఉంటాయి కానీ మరీ పొడవు కావు. చాలా జాతులకు గోళ్ల దగ్గర సన్నని వెంట్రుకల గుత్తులు ఉంటాయి, వాటి పట్టుతో నున్నటి గోడ మీద కూడా ఎక్కగలవు. పరుగు ఒకే తీరులో సాగదు: కొంత దూరం దూసుకుపోయి, టక్కున ఆగి, మళ్లీ దిశ మార్చి పరుగెడతాయి. జీలోటీస్, డ్రాసోడిస్, స్కోటోఫేయస్ వంటి ప్రజాతులు మన దేశంలో విస్తారంగా ఉన్నాయి. భారతీయ నాఫోసిడే సాలీళ్ల మీద పెద్ద గ్రంథం రాసినవారు జువాలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్త బి.కె. టికాదర్. 1982లో ఫానా ఆఫ్ ఇండియా వరుసలో వెలువడిన ఆ సంపుటమే నేటికీ పరిశోధకులు మొదట తెరిచే పుస్తకం. స్కోటోఫేయస్ డొమెస్టికస్ అనే సాలీడును ఆయన 1962లో వర్ణించారు. జాతి స్థాయిలో తేల్చాలంటే సూక్ష్మదర్శిని కింద జననాంగాలను చూడాల్సిందే. ఇంటివాళ్లకు కుటుంబం తెలిస్తే చాలు.

తోడేలు సాలీళ్లు అంటే లైకోసిడే కుటుంబం. పొలం గట్ల మీద, పచ్చిక మీద, వాకిట్లో పగలూ రాత్రీ తిరుగుతాయి. వీటిని పట్టుకోవడానికి అన్నింటికన్నా తేలికైన దారి టార్చిలైటు. రాత్రిపూట టార్చిని కంటి పక్కనే పెట్టుకుని ఖాళీ ప్లాటు మీదికి వేస్తే గడ్డిలో అక్కడక్కడా నీలం, ఆకుపచ్చ కలిసిన చుక్కలు మెరుస్తాయి. మంచు బిందువులనుకుని దగ్గరికి వెళితే సాలీడు కళ్లు. కింద నాలుగు చిన్న కళ్లు, వాటిపైన రెండు పెద్దవి, ఇంకా వెనుక మరో రెండు, ఇదీ వరుస. తల్లి గుండ్రటి గుడ్ల సంచిని పొట్ట చివర అతికించుకుని తిరుగుతుంది. పిల్లలు బయటికి వచ్చాక కొన్ని రోజులు వాటిని వీపు మీద మోస్తుంది. వీపు మీద పిల్లలున్న తల్లిని చీపురుతో కొడితే అవి నలువైపులా చెదిరి, సాలీళ్లు ఒక్కసారిగా పుట్టుకొచ్చాయన్న భయం కలుగుతుంది. ఇదే కుటుంబంలోని హిప్పాసా సాలీడు గడ్డి మీద పలుచటి దుప్పటి వల పరిచి, ఒక మూల గరాటు ఆకారంలో లోపలికి దారి పెట్టుకుంటుంది. కాలు చప్పుడైతే ఆ గరాటులో దూరిపోతుంది. వానలు పడిన తరువాత పొద్దున్నే లాన్ల మీద తెల్లగా కనబడే వలల్లో చాలావరకు దీనివే.

పెద్ద వేట సాలీడు, అంటే హెటెరోపోడా వెనటోరియా, ఇంట్లో అందరికన్నా ఎక్కువగా జడిపించేది. కాళ్లు చాచితే అరచేయంత ఉంటుంది. కాళ్లను ముందుకూ వెనక్కూ కాకుండా పక్కలకు పరిచి గోడకు అంటుకుపోయి ఉంటుంది. ముఖం మీద తెల్లటి పట్టీ ఉంటుంది. తల్లి చప్పటి తెల్లని గుడ్ల బిళ్లను పొట్ట కింద పట్టుకుని రోజుల తరబడి కదలకుండా ఉండిపోతుంది. ఉష్ణమండల దేశాలన్నిటా ఓడరేవుల సరుకుతో పాటు వ్యాపించిన జాతి ఇది. దీని ముఖ్యాహారం బొద్దింకలు. వంటింటి సజ్జ మీద ఇది కనిపించిందంటే ఆ ఇంట్లో బొద్దింకలు ఉన్నట్టే.

బూజు కట్టేది వేరే సాలీడు. తలుపు వెనుక, మంచం కింద, మెట్ల మలుపుల్లో సన్నని పొడవాటి కాళ్లతో తలకిందులుగా వేలాడుతూ, ముట్టుకుంటే ఒళ్లంతా ఊపే ఆ సాలీడు పేరు క్రాసోప్రైజా లయోనై. నేల దగ్గర కనిపించినా ఇది నేల సాలీడు కాదు. దీని వలకు దుమ్ము పట్టడం వల్ల ఇల్లు పాడుబడ్డట్టు కనిపిస్తుంది, బూజు దులపాల్సిందే. అయితే థాయిలాండ్‌లో 1990లలో జరిగిన అధ్యయనంలో ఇది డెంగీ వ్యాపింపజేసే దోమలను పట్టి తింటుందని తేలింది. గోడల మీద పగటిపూట గెంతుతూ ఈగల వెంట పడే పొట్టి సాలీళ్లు మరో కుటుంబానివి, వాటిని అలా వదిలేయవచ్చు.

జాగ్రత్తగా గుర్తు పెట్టుకోవాల్సినవి విధవ సాలీళ్లు. పొట్ట బఠాణీ గింజంత గుండ్రంగా, నల్లగా నిగనిగలాడుతూ, మీద ఎర్రటి గుర్తులతో ఉంటుంది. లాట్రొడెక్టస్ ఎరిత్రోమెలాస్ అనే జాతి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నమోదైంది. దీని బంధువైన గోధుమ విధవ సాలీడు మన దేశంలో ఉన్నట్టు 2007లో పుణె నుంచి తొలిసారి ప్రకటించారు. పొట్ట అడుగున నారింజ రంగు గుర్తు, ముళ్లు ముళ్లుగా ఉండే గుడ్ల సంచి దీని ఆనవాళ్లు. విధవ సాలీళ్లు పరుగెత్తవు. రాళ్ల సందుల్లో, ఇటుకల మధ్య, వాడని కుండీల కింద, ప్లాస్టిక్ కుర్చీల అడుగున పద్ధతీ పాడూ లేని గట్టి దారాల వల కట్టి అందులోనే ఉంటాయి. చేత్తో తాకితే తప్ప కాటు వేయవు. అలా తాకేది ఎక్కువగా ఇటుకలు మోసే కూలీలు, తోటపని చేసేవారు.

ఇక బొరియల్లో ఉండే బొచ్చు సాలీళ్లు. కట్టల మీద, గుట్టల వాలుల్లో నిలువు బొరియ తవ్వి దాని లోపల పట్టుదారంతో అస్తరు వేసుకుంటాయి. వీటి కోరలు కత్తెర తీరున అడ్డంగా కలవవు, రెండూ ఒకే దిశలో కిందికి దిగుతాయి. తొలకరికి మగవి ఆడవాటిని వెతుక్కుంటూ బయటికి వస్తాయి, ఆ దారిలోనే వాకిట్లోకి వస్తాయి. వీటిని టరంటులాలు అంటూ ఫోన్లలో తిరిగే ఫొటోల్లో చాలాసార్లు నీలి రంగు సాలీడు కనిపిస్తుంది. అది పోసిలోథీరియా మెటాలికా. 1899లో ఆర్.ఐ. పోకాక్ దాన్ని అనంతపురం జిల్లా గుత్తి దగ్గర దొరికిన నమూనాతో వర్ణించాడు. మళ్లీ వంద ఏళ్లకు, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో కనబడింది. చెట్ల తొర్రల్లో ఉండే ఆ సాలీడు అంతరించిపోయే దశలో ఉంది, సుల్తాన్‌పూర్ వాకిట్లోకి వచ్చే ప్రాణి కాదు.

బతుకు తీరు

నాఫోసిడే సాలీడు పగలు పట్టుదారంతో అల్లుకున్న చిన్న సంచిలో పడుకుంటుంది. రాయి ఎత్తినప్పుడు దాని అడుగున తెల్లటి పలుచటి పొర కనిపిస్తే అదే. గుడ్ల సంచి చప్పగా, కాగితం బిళ్లంత పలుచగా రాతికి అతుక్కుని ఉంటుంది. చీకటి పడ్డాక బయటికి వచ్చి చీమలు, బొద్దింక పిల్లలు, చిమ్మెటలు, సాటి సాలీళ్లు, ఏది దొరికితే దాన్ని పడుతుంది.

తనకన్నా పెద్ద సాలీడును ఇది ఎలా లొంగదీస్తుందో 2017లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. మిగతా సాలీళ్లు దారాన్ని నేలకు అతికించడానికి వాడే జిగురు గ్రంథులు నాఫోసిడేల్లో బాగా పెరిగి ఉంటాయి. ఎదుటి సాలీడు చుట్టూ వేగంగా తిరుగుతూ, దూరంగా ఉన్న ఆ రెండు గొట్టాల నుంచి జిగురు పట్టీ వదులుతూ, ప్యాకింగ్ టేపుతో కట్టినట్టు కాళ్లను, నోటిని నేలకు అతికించేస్తుంది. పొట్ట చివరి గొట్టాలు ఎందుకంత ప్రస్ఫుటంగా ఉంటాయో దీంతో అర్థమవుతుంది.

ఈ ప్రాంతంలో నేల సాలీళ్లు ఎక్కువగా కనిపించేది జూన్ నుంచి నవంబరు దాకా. తొలకరి పడగానే ఉసిళ్లు లేస్తాయి, దీపాల చుట్టూ పురుగులు ముసురుతాయి, బొరియల్లో నీళ్లు నిండుతాయి. మేత బయట, తడి లోపల, అందుకే గోడలెక్కి గడప దాటుతాయి. వేసవిలో అవే సాలీళ్లు పగుళ్లలో, రాళ్ల కింద దాగి ఉంటాయి. సాలీళ్లకూ శత్రువులున్నాయి. ఇంటి బల్లి తింటుంది. గోడకు మట్టి గూడు కట్టే కందిరీగ సాలీళ్లను కుట్టి, చంపకుండా కదలలేని స్థితిలో గూట్లో పేర్చి పిల్లలకు మేతగా పెడుతుంది. పాత మట్టి గూడు పగలగొడితే లోపల పది పన్నెండు ఎండిన సాలీళ్లు దొరకడం మామూలే.

విషమెంత, భయమెంత

దాదాపు అన్ని సాలీళ్లకూ విషం ఉంటుంది, అది పురుగును పడగొట్టడానికి. నేల సాలీళ్లలో చాలావాటి కోరలు మనిషి చర్మం లోతుగా దిగలేవు. దిగినా కందిరీగ కుట్టినంత మంట, వాపు వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అమెరికాలో చర్మం కుళ్లిపోయేలా చేస్తుందని పేరుబడ్డ బ్రౌన్ రెక్లూస్ ఇక్కడ లేదు. గోధుమ రంగు నాఫోసిడేను చూసి అదేనని భయపడాల్సిన పని లేదు.

మన ఇళ్లలో సాలీడు మీద మోపే నేరాల్లో చాలావరకు వేరే ప్రాణులవి. పొద్దున్న లేచేసరికి మెడ మీదో చేతి మీదో గీత గీసినట్టు ఎర్రటి బొబ్బలు వస్తే సాలెపురుగు పాకిందంటారు. అందులో చాలాసార్లు కారణం పేడరస్ అనే నారింజ, నలుపు చారల చిన్న పురుగు. వానలయ్యాక లైట్ల దగ్గరికి వస్తుంది. ఒంటి మీద వాలినప్పుడు నలిపితే దాని రక్తంలోని రసాయనం చర్మాన్ని కాలుస్తుంది. మరికొన్నిసార్లు అది సర్పి, వైద్యులు హెర్పిస్ జోస్టర్ అనే వైరస్ జబ్బు. దానికి మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. సాలీడు అనుకుని పసుపు రాస్తూ కూర్చుంటే ఆ సమయం పోతుంది.

భయం మనిషిని ఎంతదూరం తీసుకుపోతుందో 2012లో అస్సాంలోని సదియా చూపింది. పెద్ద సాలీళ్లు ఊళ్లోకి వచ్చి కరుస్తున్నాయన్న గగ్గోలు లేచింది. ఇద్దరు చనిపోయారన్నారు. శాస్త్రవేత్తలు వెళ్లి చూశారు, ఆ చావులకు సాలీడు విషమే కారణమని తేలలేదు. బాధితులు నాటు వైద్యం కింద బ్లేడుతో కోతలు పెట్టించుకున్నారని కూడా వార్తలొచ్చాయి.

నిజంగా భయపడాల్సిన ప్రాణులు అదే ఇటుకల కుప్పలో ఉంటాయి. దక్కన్‌లోని ఎర్ర తేలు పిల్లల గుండె మీద దెబ్బ కొడుతుంది. ఒళ్లంతా చెమట, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే గంటల్లో ఆసుపత్రికి చేరాలి. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హెచ్.ఎస్. బావస్కర్ 1980లలో ప్రజోసిన్ అనే మామూలు బీపీ మాత్రతో ఈ మరణాలను బాగా తగ్గించవచ్చని చూపారు. కట్లపాము రాత్రిళ్లు నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. సాలీడు కోసం శుభ్రం చేసే కుప్ప వీటి కోసం కూడా శుభ్రమవుతుంది. ఆ పని చేయడానికి ఇంతకన్నా పెద్ద కారణం ఉండదు.

సాలీడు కాటు వేసిందని అనుమానమైతే సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డ పెట్టాలి. కోయకూడదు, కట్టు కట్టకూడదు, నోటితో పీల్చకూడదు. పొట్ట, నడుము కండరాలు పట్టేయడం, ఒళ్లంతా చెమటలు, ఆగని నొప్పి ఉంటే విధవ సాలీడు కాటు కావచ్చు. పుండు నల్లబడి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా వైద్యుడికి చూపించాలి. 108కి ఫోన్ చేసినా, పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రికో సంగారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లినా, కరిచిన ప్రాణి ఫొటో ఒకటి చేతిలో ఉంటే వైద్యం తేలికవుతుంది. పాము కాటుకు ఇచ్చే విరుగుడు సూది సాలీడు విషానికి పనిచేయదు, దాని కోసం పట్టుబట్టకూడదు.

అదుపు

మెతుకుసీమలో, అంటే మెదక్ ప్రాంతంలో, వరి పండించిన రైతు కుటుంబాలకు ఈ విషయం చెప్పనక్కర్లేదు. మడిలో తోడేలు సాలీళ్లు, ముఖ్యంగా పార్డోసా సూడోఅన్యులేటా, సుడిదోమను తింటాయి. సాలీళ్లు కూడా చచ్చేలా మందు కొడితే కొన్ని వారాలకే దోమపోటు మరింత ఉధృతంగా తిరిగి వస్తుంది. ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించడానికి కారణం ఇదే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ పొలంలో మిత్ర పురుగులను, శత్రు పురుగులను లెక్కపెట్టి ఆ తరువాతే మందు సంగతి ఆలోచించే పద్ధతిని నేర్పుతుంది. ఇంట్లో కూడా ఇదే న్యాయం. ప్రపంచంలోని సాలీళ్లన్నీ కలిసి ఏటా 40 నుంచి 80 కోట్ల టన్నుల ప్రాణుల్ని తింటాయని 2017లో ఒక అంచనా వెలువడింది, అందులో అత్యధికం పురుగులే. సాలీడును చంపి బొద్దింకను వదిలేసిన ఇంట్లో మిగిలేది బొద్దింకే.

పురుగుమందు సాలీడు మీద అంతగా పనిచేయకపోవడానికి శరీర నిర్మాణం కూడా కారణం. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులను నేల మీద, గోడ మొదట్లో చల్లినప్పుడు బొద్దింక, చీమ దాని మీద నడిచి, తరువాత కాళ్లూ మీసాలూ నోటితో శుభ్రం చేసుకుని మందు మింగుతాయి. సాలీడు కాళ్ల కొసల మీద నడుస్తుంది, దాని ఒళ్లు మందుకు తగలదు. గుడ్ల సంచిలోకి మందు దిగదు. నేరుగా మీద కొడితే చస్తుంది నిజమే, కానీ అంత దగ్గరికి వెళ్లగలిగినప్పుడు మందు అవసరమే లేదు. వెడల్పు మూత ఉన్న డబ్బా బోర్లించి, కింద అట్టముక్క జరిపి, గోడ అవతల వదిలేస్తే పని అయిపోతుంది. వంటింటి చిట్కాలను కూడా 2018లో పరీక్షించి చూశారు. నిమ్మనూనెను సాలీళ్లు పట్టించుకోలేదు, పుదీనా నూనె కొన్ని జాతులను మాత్రం కొంత దూరం పెట్టింది.

మొదటి పని ఇంటి వెలుపల. గోడ చుట్టూ అర మీటరు మేర ఏమీ ఆనించకుండా ఖాళీగా ఉంచాలి. మిగిలిన ఇటుకలు, టైల్స్, కట్టెలు ఆవరణ చివరికి తరలించి, నేలకు తగలకుండా రాళ్ల మీదో ఇనుప స్టాండు మీదో పెట్టాలి. ఇల్లు పూర్తయ్యాక మేస్త్రీ వదిలిపోయే కుప్ప సంవత్సరాల తరబడి అక్కడే ఉండిపోవడం మన కాలనీల్లో చాలా మామూలు. ఇంటి చుట్టూ సాలీళ్లు, తేళ్లు పెరగడానికి దాన్ని మించిన కారణం లేదు, గృహప్రవేశానికి ముందే దాన్ని తీయించుకోవాలి. కుప్ప కదిపేటప్పుడు దళసరి తొడుగులు, బూట్లు వేసుకోవాలి. చేతితో కాకుండా ముందు గడ్డపారతో కదిలించాలి. పక్కనున్న ఖాళీ ప్లాటులో వయ్యారిభామ పూతకు రాకముందే పీకించడానికి యజమానిని, మున్సిపాలిటీని అడగడం కాలనీ సంఘం పని.

రెండోది లైటు. తెల్లగా, నీలంగా వెలిగే బల్బు కన్నా పసుపు ఛాయ ఎల్‌ఈడీ బల్బుకు పురుగులు తక్కువగా వస్తాయి. బల్బు పెట్టె మీద 2,700 లేదా 3,000 కెల్విన్ అని ఉన్నది తీసుకోవాలి. లైటును తలుపు నెత్తిన పెట్టే అలవాటు వదిలి, కొంచెం దూరంగా గేటు దగ్గర పెట్టి వెలుతురు గుమ్మం మీద పడేలా తిప్పితే పురుగులు గేటు దగ్గరే ఆగుతాయి, వాటి వెంట సాలీళ్లు కూడా.

తరువాత సందులు. నాఫోసిడే సాలీడు చప్పగా ఉంటుంది కాబట్టి రెండు మూడు మిల్లీమీటర్ల సందు దానికి చాలు. తలుపు కింద రబ్బరు పట్టీ, మోరీ రంధ్రాలకు జాలి, పైపులు గోడలోకి పోయే చోట సిమెంటు లేదా సిలికాన్ పూత, కిటికీలకు దోమతెర, ఇవి మే నెలాఖరుకల్లా ముగించాలి. రేకుల గదుల్లో గోడకూ రేకుకూ మధ్య సందు మూయడం కష్టం. అలాంటి గదుల్లో నేల మీద పడుకునే కార్మికులకు ఒక్కటే మాట: దోమతెర కట్టుకుని, దాని అంచులు చాప కిందికి తోసి పడుకోవాలి. దోమ, సాలీడు, తేలు, కట్లపాము నాలుగింటికీ అదొక్కటే అడ్డం. బూట్లు, హెల్మెట్, దండెం మీది బట్టలు తొడుక్కునే ముందు దులపడం కూడా అలవాటు కావాలి. పాశమైలారం, బొల్లారం వైపు రాత్రి షిఫ్టు దిగి వచ్చి చీకట్లో బట్టలు మార్చుకునేవారికి ఇది మరీ అవసరం.

ఇంట్లో ఎన్ని, ఏవి తిరుగుతున్నాయో తెలుసుకోవడానికి జిగురు అట్టలు బాగా పనికొస్తాయి. గోడ మొదట్లో, మంచం కింద, సింకు కింద పెట్టి వారానికొకసారి చూడాలి. అట్ట మీద సాలీళ్ల కన్నా బొద్దింకలు ఎక్కువ ఉంటే ముందు వాటి సంగతి చూడాలి. ఆరుబయట పెడితే ఉడతలు, బల్లులు అతుక్కుంటాయి కాబట్టి లోపలే పెట్టాలి. వైద్య పరికరాలు, మందులు తయారుచేసే ఆవరణల్లో ఇదే పద్ధతి మరింత కట్టుదిట్టంగా నడుస్తుంది. పురుగులు, ఎలుకలు, పక్షులు లోపలికి రాని విధంగా భవనం ఉండాలని మందుల తయారీకి సంబంధించిన షెడ్యూల్ ఎం కోరుతుంది. అక్కడ ఒక్క సాలీడు కాలు కూడా ఉత్పత్తిలో పడకూడదు. గాలి తెరలు, రెండు తలుపుల గదులు, నంబరు వేసిన జిగురు అట్టలు, వాటి మీద ఏం పడిందో రాసే రిజిస్టరు అందుకే. ఇంట్లో అంత కట్టుదిట్టం అక్కర్లేదు. కానీ అట్ట మీద పడినదాన్ని చూసి నిర్ణయం తీసుకునే ఆ తీరు నేర్చుకోదగినది.

మందు తప్పనిసరి అనిపించే సందర్భం ఒకటుంది: పిల్లలు ఆడే చోట ఇటుకల మధ్య విధవ సాలీడు వలలు కనిపించినప్పుడు. అప్పుడు కూడా ముందు వలను, గుడ్ల సంచిని పొడవాటి కర్రతో తీసి నలిపేయాలి, ఆ సందుల్లోనే మందు పట్టించాలి, ఇల్లంతా పిచికారీ చేయకూడదు. ఇంటి వాడకానికి అనుమతి ఉందని డబ్బా మీద రాసి ఉన్నదే కొనాలి. పొలానికి తెచ్చిన మందును ఇంట్లో చల్లడం ప్రమాదం. డబ్బా మీది త్రికోణం ఎర్రగా ఉంటే అత్యంత విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసలో తగ్గుతూ వస్తుంది. పైరెత్రాయిడ్ మందులు చేపలకు చాలా విషం. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు ఈ కాలనీలకు దగ్గరలోనే ఉంది. పిచికారీ డబ్బా కడిగిన నీళ్లు మోరీలో పోయకూడదు. వాడిన డబ్బాను నీళ్లు పట్టడానికి మళ్లీ వాడకుండా చిల్లు పొడిచి, విడిగా చెత్త బండికి ఇవ్వాలి.